తెర వెనక పిలుపు

అల్విజే రాసిన ఏడుపు ఘట్టానికి వెనిస్ నగరంలో ఒక్కరూ ఏడవలేదు. ఆడినప్పుడల్లా జనం అక్రోటుకాయలు పగలగొట్టుకు తింటూ కూర్చున్నారు.

అలాగని అతనికి తెలియనిదంటూ లేదు. అతను చదివిన పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే వాటి పక్కన చర్చి గంటగోపురం మరుగుజ్జులా కనబడేది. ఇది తగ్గించి చెప్పిన మాటే. కొండలు, చేపలు, చుక్కలు, లోకంలో వీచే ప్రతి గాలికీ ఏ దేశంలో ఏం పేరో, అన్నీ చేర్చి ఒక మహాగ్రంథం రాస్తున్నాడు. అదంతా మొదలైంది మాత్రం ఒక్క ఓడ దగ్గర. అన్న జోర్జీ ఎక్కిన ఓడ తిరిగి రాలేదు. ఏ గాలి దాన్ని ఎటు తోసిందో తేల్చుకుందామని పుస్తకం తెరిచినవాడు మళ్లీ మూయలేదు.

ఆ చదువంతా పోసి నాటకం రాశాడు. రేవులో అన్నకోసం ఎదురుచూసే తమ్ముడి కథ. తమ్ముడి వేషం తనదే. నాటకం బాగుంటే నావికులు రేవు రేవునా చెప్పుకుంటారు. ఎక్కడో ఒక రేవులో జోర్జీ చెవిన పడుతుంది. అదీ అతని ఆశ.

అతని గురువు, దొనాతో అనే ఆయన, ఆ నాటకం ఆడే సమాజానికి పెద్ద. రంగం మీద ఆయన తుమ్మితే కాలువ అవతలి మేడల్లో చప్పట్లు మోగేవి. చచ్చిపోయే వేషం వేస్తే శవపేటికలు చేసేవాళ్లు కొలతలకు వచ్చేసేవారు.

"ఒరేయ్ పండితుడా, ఇవాళ కూడా అక్రోట్ల చప్పుడే వినబడితే రేపటినుంచి మన పాత పిసినారి ప్రహసనమే" అన్నాడాయన.

"ఇంకో రెండు గాలుల పేర్లు చేర్చమంటారా గురువుగారూ?"

"చేర్చు నాయనా. తుపాను రప్పించు. అందరం తడుస్తాం."

ఆ రోజుల్లో నటుడి చేతికి నాటకమంతా ఇచ్చేవారు కాదు. తన మాటలూ, వాటికి ముందు ఎదుటివాడనే ఆఖరి పలుకూ, అంతే. ఆ పలుకు చెవిన పడందే నోరు తెరవకూడదు. రాసినవాడికైనా అదే కట్టుబాటు. ఈ ఘట్టంలో ఆ పలుకు "తమ్ముడూ!" అనేది. అన్నగారి వేషంలో ఉన్న దొనాతో తెర వెనకనుంచి అలా పిలవాలి. అప్పుడు అల్విజే గాలుల ప్రసంగం ఎత్తుకోవాలి.

మధ్యాహ్నం ఆట మొదలైంది. రేవు బొమ్మ గీసిన తెర ముందు అల్విజే నిలబడ్డాడు. గాలులన్నీ గొంతులో సిద్ధంగా ఉన్నాయి.

పిలుపు రాలేదు.

ముసలి గురువు మరిచిపోయాడనుకుని చిన్నగా దగ్గాడు. రాలేదు. కావాలనే అల్లరి పెడుతున్నాడనుకున్నాడు. చెంపలు మండాయి. చెవులు రిక్కించాడు. తెర కదిలింది. గుండె గెంతింది. ఉత్త గాలి. దాన్ని ఏ దేశంలో ఏమంటారో గుర్తు రాలేదు.

అక్రోట్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో అతనికి తెలియదు. జనమంతా తెరవైపే చూస్తున్నారు. ముందు వరసలో చేపలమ్మే ముసలిది గంప ఒళ్లో పెట్టుకుని, "పిలవవేం రా తండ్రీ" అంది, ఆ తెరతోనే.

"అన్నా" అన్నాడు అల్విజే.

అది రాసుకున్న మాట కాదు. కట్టుబాటు దాటి వచ్చిన మాట.

దొనాతో సైగ చేసి ముందు తెర దింపించేశాడు. ఆ పూట జనం కార్చిన కన్నీళ్లకు కాలువ నీళ్లు ఒక మెట్టు పైకి ఎక్కాయని పడవవాళ్లు చాలాకాలం ఒట్టేసి చెప్పేవారు.

అల్విజే లోపలికి వచ్చి గురువు చెయ్యి పట్టుకున్నాడు.

"పిలవలేదేం గురువుగారూ?"

దొనాతో అన్నగారి వేషానికి అంటించుకున్న గడ్డం మెల్లగా ఊడదీశాడు.

"మీ అన్న పిలిచాడట్రా?"

బయట కాలువలో పడవవాళ్లు ఒకరినొకరు కేకేసుకుంటున్నారు. ప్రతి కేకకీ అల్విజే తల అటు తిరుగుతూనే ఉంది.