పది రోజుల తల్లి మిర్తో

అనగా అనగా ఒక నీలి సముద్రం. ఆ సముద్రం ఒడ్డున ఒక రాళ్ళ కొండ. ఆ కొండ మీద మేకలు. గ్రీకుల దేశం అది. అప్పట్లో దేవుళ్ళు కొండ దిగి వచ్చి మనుషుల మధ్య తిరిగేవాళ్ళట. వచ్చినా పెద్దిళ్ళకే వచ్చేవాళ్ళు గాని, మేకలు కాసుకునేవాళ్ళ గడప తొక్కిన దేవుడు ఒక్కడూ లేడు.

ఆ కొండ మీద మిర్తో అనే ఆవిడ ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. నాలుగు మేకలు, ఒక కదురు, ఒంటిగది ఇల్లు. ముగ్గురు బిడ్డల్ని కన్నది. మొదటివాడు మూడో రోజు పోయాడు. రెండోది, ఆడపిల్ల, ఐదో రోజు పోయింది. మూడోవాడు తొమ్మిదో రోజు దాకా ఉండి, పొద్దు వాలే వేళకి పోయాడు. ఆ దేశంలో బిడ్డకి పదో రోజున బారసాల. అందాకా పేరు పెట్టరు. అందుకని మిర్తోకి ఏడవడానికి ముగ్గురు బిడ్డలున్నారు గాని, తలుచుకుని ఏడవడానికి ఒక్క పేరూ లేదు.

ఆవిడకి లోకంలో ఉన్న కోరిక ఒక్కటే. ఒక్కసారి ఎవరైనా అమ్మా అని పిలిస్తే పలకాలని.

ఊళ్ళోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. భయస్థులు. ఆవిడ నీడ పడితే పసిపిల్లలకి మంచిది కాదనుకునేవాళ్ళు. పురుడొస్తే పిలవరు. పెళ్ళయితే పిలవరు. చివరికి చావుకీ పిలవరు.

ఇట్లా ఉండగా రాజులంతా కూడబలుక్కుని ట్రాయ్ అనే ఊరి మీదికి యుద్ధానికి పోయారు. పేరు రాజులది, తెడ్లు వేసే చేతులు మాత్రం పేదోళ్ళవి. ఈ ఊరి నుంచి లికోన్ అనేవాడు పోయాడు. ఆర్నే అనే ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. పదేళ్ళు యుద్ధం జరిగింది. ట్రాయ్ కాలిపోయింది. తిరిగొచ్చే ఓడల మీద సముద్రాల దేవుడు పొసైడాన్‌కి కోపం వచ్చింది. గాలి లేపాడు, ఓడల్ని ముంచాడు.

ఒకరోజు ఒడ్డుకి ఒక తెడ్డు కొట్టుకొచ్చింది. దాని మీద చేప బొమ్మ చెక్కి ఉంది. లికోన్ చెక్కుకున్న బొమ్మ. తెడ్డు వచ్చిందంటే మనిషి పోయినట్టే అనుకున్నారు అందరూ.

శవం దొరకని వాళ్ళకి ఆ దేశంలో ఒక పద్ధతుంది. ఉత్త మట్టిదిబ్బ పోస్తారు. దాని మీద తెడ్డు పాతుతారు. పేరు పెట్టి మూడుసార్లు పిలిచి ఊరంతా ఏడుస్తుంది. ఆ పిలుపు అందుకుని ప్రాణం పాతాళానికి, హేడీస్ దగ్గరికి పోతుంది. మనకి యముడు ఎట్లాగో వాళ్ళకి హేడీస్ అట్లాగ. ఆయన తలుపు లోపలికి తెరుచుకుంటుంది గాని బయటికి తెరుచుకోదు.

ఊరంతా దిబ్బ దగ్గరికి పోయింది. మిర్తో కూడా పోబోయింది. దారిలో ఆడవాళ్ళు అడ్డం నిలబడి, నీ ఏడుపు కూడా వద్దులే అన్నారు. ఆవిడ మేకల్ని తోలుకుని వెనక్కి తిరిగింది.

ఆర్నే కొడుకుని మూడుసార్లు పిలిచింది. ఊరు ఏడ్చింది. అయిపోయింది.

అయిపోలేదు. మూడేళ్ళకి లికోన్ వచ్చాడు. ఎక్కడో దీవిలో పడి, ఎవరి పడవలోనో చేరి, గడ్డం పెంచుకుని, బతికి వచ్చాడు.

స్నేహితుడి తలుపు తట్టాడు, తెరవలేదు. గుడి తలుపు తట్టాడు, తెరవలేదు. అమ్మ తలుపు తట్టాడు.

లోపల ఆర్నే తలుపుకి వీపు ఆనించి నిలబడింది. పక్కన ఇద్దరు కూతుళ్ళు. ఏడ్చి సాగనంపినవాడు గడప దాటితే, హేడీస్ వాడి కోసం వచ్చి ఆ ఇంట్లోవాళ్ళని పట్టుకుపోతాడని ఆ ఊరి నమ్మకం.

"అమ్మా, నేనే."

"తెలుసురా. నీ గొంతు నాకు తెలియదా," అంది ఆర్నే. "నా నోటితోనే నిన్ను పంపించాను నాయనా. చెల్లెళ్ళున్నారు. ఎట్లా తియ్యను?"

లికోన్ వెళ్ళి తన దిబ్బ మీద తనే కూర్చున్నాడు. ఎవరూ నిప్పివ్వలేదు. ఎవరూ నీళ్ళివ్వలేదు. చలికాలం ముంచుకొస్తోంది.

ఆర్నే ఉండబట్టలేక డెల్ఫీకి నడిచింది. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. అక్కడ అపోలో దేవుడు పూజారిణి నోట పలుకుతాడు. దేవుడు చెప్పింది ఇది. ఏడ్చి పంపినవాణ్ణి మళ్ళీ కని తెచ్చుకోవాలి. వాడి కోసం ఏడవని ఆడది వాణ్ణి కనాలి. పదో రోజు దాకా వాడు పసిబిడ్డ. మాట్లాడకూడదు. ఏడ్చినవాళ్ళు వాడి ముఖం చూడకూడదు.

ఆర్నే ఊరికొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. నీ కొడుకు కోసం నేను ఏడవలేదంటావా అని ఒకామె కోపం తెచ్చుకుంది. నేను జుట్టు పీక్కుని ఏడ్చాను, ఇదిగో ఇక్కడ ఇంకా మొలవలేదు అని ఒకామె తల చూపించింది. ఒక ముసలామెకి అసలు ఎవరు పోయారో తెలియదట, అందరూ ఏడుస్తుంటే తనూ ఏడ్చిందట. ఏడవనివాళ్ళు లేరు.

అప్పుడు కొండ మీద మిర్తో గుర్తొచ్చింది.

ఆర్నే వచ్చేసరికి మిర్తో గుమ్మంలో కూర్చుని ఉన్ని వడుకుతోంది. విన్నదంతా విని, కదురు పక్కన పెట్టింది.

"నా కడుపు మంచిది కాదంటారు కదా ఆర్నే."

"అన్నాను. అందరితో పాటు నేనూ అన్నాను," అంది ఆర్నే. "ఇప్పుడు వాడికి ఉన్నది నీ కడుపొక్కటే అక్కా."

మిర్తో ఒళ్ళోని ఉన్ని దులుపుకుంది. తర్వాత లేచి, ఆలివ్ కొమ్మ ఒకటి కోసుకురమ్మంది. మగబిడ్డ పుడితే అక్కడ తలుపుకి ఆలివ్ కొమ్మ కడతారు.

మర్నాడు పొద్దు పొడవగానే మిర్తో నులకమంచం మీద పడుకుని కంబళి కప్పుకుంది. గడ్డం మగాడు ఆ కంబళిలోకి దూరి ఆవిడ కాళ్ళ వైపు నుంచి బయటికి రావాలి. బయట దూరంగా ఆడవాళ్ళు చేరారు. ముసలి మేకకి ఈనిక వచ్చిందే అని ఒకతె అంటే, పిల్లకి గడ్డం కూడా ఉందిలే, మేకపిల్లే అని ఇంకొకతె. నవ్వారు.

మిర్తో నొప్పులు పడటం మొదలుపెట్టింది. ఊరికే అరిస్తే చాలు, పద్ధతి అంతే. కాని ఆవిడకి ఊరికే అరవడం చేతకాలేదు. మొదటివాడి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల నొప్పులు వచ్చాయి. మూడోవాడి నొప్పులు వచ్చాయి. బయట నవ్వు ఆగిపోయింది. ఎవరికీ ఎవరి ముఖం చూడబుద్ధి కాలేదు. పొద్దు కుంకే వేళకి లికోన్ కంబళిలోంచి బయటికి వచ్చాడు. ఆవిడ వాడికి నీళ్ళు పోసింది. గుడ్డల్లో చుట్టింది. మేకపాలు వేలితో అద్ది నోట్లో పెట్టింది.

అక్కణ్ణుంచి మిర్తోకి ఒకటే గుబులు. మూడో రోజు వచ్చింది. ఆవిడ కదురు ముట్టలేదు, వాడి గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మూడో రోజు పోయింది. ఐదో రోజున, ఆ దేశపు పద్ధతి ప్రకారం, వాణ్ణి పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పింది. బిడ్డని ఎత్తుకుని పరిగెత్తాలి, అంతవాణ్ణి ఎత్తలేదు కదా, చెయ్యి పట్టుకుని తిప్పింది. ఐదో రోజూ పోయింది.

తొమ్మిదో రోజు పొద్దు వాలుతుంటే ఆవిడ తలుపు గడియ వేసి వాడి పక్కన కూర్చుంది. ముప్ఫై ఏళ్ళవాడు, ఓడల మీద తిరిగినవాడు, ఆవిడ వేలు పట్టుకుని పడుకున్నాడు. గట్టిగానే ఊపిరి తీస్తున్నాడు. పొద్దు వాలింది. వాడు ఉన్నాడు.

పదో రోజు. ఆవిడ తల దువ్వుకుంది. ఎప్పుడూ చూడని పదో రోజు అది. బారసాల నాడు తల్లి బిడ్డ పేరు చెబుతుంది. ఈ బిడ్డకైతే మొదటి మాట మాట్లాడే రోజు కూడా అదే.

తలుపు తీసింది. ఎండ లోపలికి పడింది. వాకిట్లో ఊరంతా ఉంది. మిర్తో ముందు నిలబడింది, లికోన్ ఆవిడ వెనక నిలబడ్డాడు.

"వీడి పేరు లికోన్," అంది మిర్తో.

వెనక నుంచి వాడు అన్నాడు, "అమ్మా."

ఊఁ అని మిర్తో నోటి దాకా వచ్చింది. వెనక్కి తిరిగింది. వాడు ఆవిడ వైపు చూడటం లేదు. ఆవిడ భుజం మీదుగా వాకిట్లోకి చూస్తున్నాడు.

"ఓయ్ నాయనా," అని ఆర్నే పలికింది.

మిర్తో తను పలకబోయిన మాట మింగేసింది. పక్కకి జరిగి దారి ఇచ్చింది. తల్లీ కొడుకూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. ఊరంతా వాళ్ళ వెంట పోయింది. మిర్తో తలుపుకున్న ఆలివ్ కొమ్మ విప్పి మేకలకి వేసింది.

తర్వాత లికోన్ అప్పుడప్పుడు కట్టెలు తెచ్చి వేసేవాడు, చేపలు తెచ్చేవాడు. మంచివాడే. ఊరందరిలాగే మిర్తో అని పిలిచేవాడు. ఆవిడ ఆ పిలుపుకే పలికేది. అమ్మా అనేది అడిగి పిలిపించుకునే మాటా?

మళ్ళీ ద్రాక్షకోతలు రాకముందే మిర్తో కన్నుమూసింది. ఊరు వచ్చింది, ఈసారి అడ్డం నిలబడినవాళ్ళు లేరు. కాని బిడ్డల్ని కన్న ఆడది పోతే మూడుసార్లు పిలవడానికి కన్నబిడ్డే ఉండాలి. కన్నబిడ్డ పిలవకపోతే ప్రాణం పాతాళపు ఏటి గట్టున నిలబడిపోతుందట, ఇటు రాలేదు, అటు పోలేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లికోన్ ముందుకి వచ్చాడు. దిబ్బ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పేరు పెట్టి పిలుస్తాడనుకున్నారు.

"అమ్మా," అన్నాడు.

పక్కనే ఆర్నే ఉంది. కొడుకు గొంతు వినగానే తల్లి నోరు తెరుచుకుంటుంది కదా. తెరుచుకుంది. ఆర్నే పైట నోట్లో కుక్కుకుని పలకకుండా నిలబడింది. వాడు రెండోసారి పిలిచాడు, పలకలేదు. మూడోసారి పిలిచాడు, పలకలేదు. ఆ రోజు నా బిడ్డ పిలిచిన మొదటి పిలుపుకి నేను ఉరికి పలికాను, అది నాది కాదు అని తర్వాత కూతుళ్ళతో చెప్పుకుని ఏడ్చింది.

ఆ కూతుళ్ళు తమ కూతుళ్ళకి చెప్పారు. ఇప్పటికీ ఆ సముద్రం ఒడ్డున బిడ్డ మొట్టమొదటిసారి అమ్మా అంటే తల్లి పలకదు. ఎంత పలకాలని ఉన్నా పెదవి బిగబట్టుకుని కొండ వైపు చూస్తుంది. ఆ మొదటి పిలుపు మిర్తోది అంటారు. బిడ్డ బిక్కమొహం వేస్తుంది. కాసేపు చూస్తుంది. మళ్ళీ పిలుస్తుంది.