రథం దెబ్బకు వైద్యుడి సాక్ష్యం

వెనకటికి అమరగిరి అనే ఒకానొక రాజ్యాన్ని మకరంద భూపతి ఏలేవాడు. మనసు మంచిదే కాని, తనంత బాగా రథం తోలేవాడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం.

ఒకనాడు సంతవీధిలో ఆయన తోలుతున్న రథం మలుపు దగ్గర అదుపు తప్పింది. తాటిచెట్లెక్కి కల్లు గీసుకుని బతికే పోతులయ్యను పడగొట్టి, రాతిస్తంభానికి గుద్దుకుని ఆగింది. రాజుగారి మడమ బెణికింది. పోతులయ్య నడుం దెబ్బతిని, మరి చెట్టెక్కలేకుండా అయిపోయాడు.

రెండు నెలలు చూసి, అతడి భార్య గౌరమ్మ మొగుణ్ణి మంచంతో సహా మోయించుకుని కొలువుకు వచ్చింది.

"మీ రథం తగిలి నా మొగుడు మంచాన పడ్డాడు. మా బతుక్కి ఏదైనా దారి చూపించండి దొరా" అని మొరపెట్టుకుంది.

రాజుకు పౌరుషం వచ్చింది. "మా రథం చీమనైనా తొక్కదు. ఆస్థాన వైద్యులు వల్లభశాస్త్రిగారు సాక్ష్యం చెబుతారు. మీది అబద్ధమని తేలిందో, ఇద్దరూ రాజ్యం విడిచి పోవాలి" అన్నాడు.

శాస్త్రి మంచం దగ్గరికైనా పోలేదు. ఒకసారి పోతులయ్యను, రెండుసార్లు రాజుగారి ముఖాన్ని చూశాడు.

"ప్రభూ, ఆనాడు రథం నిదానంగా నడుస్తోంది. ఆ తాకిడికి తమలపాకైనా నలగదు. ఈ నొప్పి ఉత్త నటన" అన్నాడు.

గౌరమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి కొలువులో ఉన్న కూచన్న ఊరుకోలేకపోయాడు. మాటకారి అని పేరున్నవాడే. కాని వైద్యుణ్ణి కాదంటే రాజును కాదన్నట్టే. కాసేపు ఆలోచించి, చేతులు కట్టుకుని లేచాడు.

"శాస్త్రిగారి మాటకు తిరుగులేదు ప్రభూ. నాకొక్కటే బెంగ. ఆ తాకిడికే కదా తమరు నలభై రోజులు కొలువుకు రాలేదు. తమలపాకు నలగని దెబ్బకు అన్నాళ్ళా అని రేపు ఊరంతా..."

"ఊరంతా ఏమంటుంది?"

"ప్రభువులు మరీ సుకుమారులు అంటుంది."

రాజు గిరుక్కున వైద్యుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా శాస్త్రీ, నేను సుకుమారుణ్ణా?"

శాస్త్రికి చెమటలు పట్టాయి. "ఎంతమాట ప్రభూ. అది సామాన్యమైన దెబ్బా? రథం గాలివేగంతో పోయి రాతిని కొట్టింది. తమరిది వజ్రకాయం కనుక మడమతో పోయింది. మరొకడైతే నడుం విరిగి మంచాన పడేవాడు."

కూచన్న నెమ్మదిగా మంచం వైపు చెయ్యి చూపాడు.

"ఆ మరొకడు ఇతడే ప్రభూ."

రాజు ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత మీసాలు అదిరాయి. ఆ తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"వేగంగా తోలిన మాట నిజమే, తప్పు నాదే" అన్నాడు. పోతులయ్యకు రాజుగారి తాటితోపుల మీద పెత్తనం ఇచ్చాడు, కూర్చుని చేయించే పని. కూచన్న మెడలో తన ముత్యాలహారం వేశాడు. శాస్త్రిని మాత్రం నలభై రోజులు స్వయంగా వెళ్ళి ఆ నడుముకు తైలం పట్టించమన్నాడు.

మర్నాడు పొద్దున్నే శాస్త్రి పోతులయ్య ఇంట్లో చతికిలబడి నడుం తడిమి చూశాడు. తడుముతూ తడుముతూ చెయ్యి ఆపేశాడు.

"నిజమేనోయ్, ఇక్కడ ఎముక పక్కకు జరిగింది" అని గొణిగాడు.

"ఈ చెయ్యేదో నిన్ననే వేస్తే సరిపోయేది కదా సామీ" అన్నాడు పోతులయ్య.

రెండు నెలలుగా నవ్వన్నది మరిచిన గౌరమ్మ పకపకా నవ్వింది.