బోర్లించిన బిందె

మల్లెమిట్ట ఊరి చివర రాళ్ళవీధిలో అలివేలు అనే ఇల్లాలు ఉండేది. తన ఇంటి పని చిటికెలో చక్కబెట్టుకునేది గానీ, ఇంకొకరి కోసం గడ్డిపరక అటు తీసి ఇటు పెట్టమన్నా ఆమెకు ఒళ్ళు బరువెక్కేది.

చెడ్డమనిషి కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. ఎవరి సొమ్మూ ఆశించేది కాదు. ఆమెకు ఉన్నదల్లా ఒకటే భయం. "ఒకసారి చేశామంటే ఇక అలవాటు పడతారు. రేపటి నుంచి మన గుమ్మం వదలరు" అనేది భర్త సుబ్బరాయుడితో. పక్కింటి హుస్సేన్‌బీ తన మనవణ్ణి కాసేపు చూడమంటే అలివేలుకు తలనొప్పి వచ్చేది. ఎదురింటి నాగరత్నమ్మ తాళంచెవి ఇచ్చి వెళతానంటే "మేమూ ఊరెళుతున్నాం పిన్నీ" అనేది. ఏ ఊరూ వెళ్ళేది కాదనుకోండి. కరెంటు సబ్‌స్టేషన్లో పని చేసే సుబ్బరాయుడు "నీ తలనొప్పి భలే వేళకి వస్తుందే" అని నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పావని. ఇంకా బళ్ళో వేయలేదు.

ఆ వీధికి తాగేనీళ్ళ కటకట. వాడుకకు పెరటి తొట్లలో ఉప్పునీళ్ళు ఉండేవి గానీ, నోట్లో పోసుకోవాలంటే ట్యాంకరే దిక్కు. అది ఎప్పుడొస్తుందో నడిపేవాడికే తెలియదు. అందుకని రాళ్ళవీధిలో వరుసలో నిలబడేది మనుషులు కాదు, బిందెలు. తెల్లవారగానే ఎవరి బిందె వాళ్ళు తెచ్చి వరుసలో పెట్టి ఇళ్ళకు పోయేవారు. తన వంతు వచ్చేవేళకు ఎవరైనా రాలేకపోతే, వెనక ఉన్నవాళ్ళు ఆ బిందె కూడా నింపి, ఆ ఇంటి గుమ్మంలో దించి పోయేవారు. ఊరెళ్ళేవాళ్ళు మాత్రం తమ బిందెను ట్యాంకర్ ఆగే చోట గోడ పక్కన బోర్లించి వెళ్ళేవారు. బోర్లించిన బిందె కనబడితే ఆ ఇంట్లో మనుషులు లేరని అందరికీ అర్థమయ్యేది. ఇది ఎవరో పెట్టిన చట్టం కాదు. నీళ్ళకు మొహం వాచిన వీధి తనంతట తాను ఏర్పరుచుకున్న మర్యాద.

వీధి చివర, అన్ని ఇళ్ళకూ కాస్త ఎడంగా, ఒక రేకుల ఇల్లు ఉంది. అందులో దానియేలు మాస్టారు ఒంటరిగా ఉండేవారు. బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. ఏ పిల్ల వెళ్ళి అడిగినా చిలకో, రైలుబండో వేసిచ్చేవారు. పావనికి ఆ ఇల్లంటే ప్రాణం. అలివేలు మాత్రం ఒప్పుకునేది కాదు.

"అటువైపు పోయావంటే కాళ్ళు విరగ్గొడతా. ఇవాళ నీకు చిలకబొమ్మ వేసిస్తాడు. రేపు మీ అమ్మని కాస్త కూర పెట్టమను అంటాడు" అనేది.

రోహిణి ఎండలు మండుతున్న రోజుల్లో ఒకనాడు, పొద్దు బాగా ఎక్కాక ట్యాంకర్ హారన్ మోగింది. అలివేలు పావనిని అరుగు మీద కూర్చోబెట్టి "కదలకు" అని చెప్పి పరుగెత్తింది. అప్పటికే గొట్టం దగ్గర గోల మొదలైంది. ఇంజను రొద, అరుపులు, తోపులాట. ఆమె బిందె వరుసలో బాగా వెనక ఉంది. దాని ముందు ఒక పచ్చ ప్లాస్టిక్ బిందె. మెడ దగ్గర తెల్లరంగుతో చిన్న పువ్వు వేసి ఉంది. అది మాస్టారి బిందె అని వీధిలో చంటిపిల్లకు కూడా తెలుసు.

వరుస కదిలి కదిలి పచ్చబిందె వంతు వచ్చింది. మాస్టారు రాలేదు.

అలివేలు అటూ ఇటూ చూసింది. ఈ బిందె నింపితే వీధి చివరిదాకా మోయాలి. నెత్తి మాడే ఎండ. తన బిందె ఒకటి ఉండనే ఉంది. ఇవాళ మోస్తే ఆయన రేపూ రాడు, ఎల్లుండీ రాడు. వదిలేసి ముందుకు పోదామంటే ఎవరో ఒకరు "అదేంటమ్మా, నింపలేదే" అని నిలదీస్తారు. అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. ఎవరూ చూడకుండా పచ్చబిందెను తీసి, గోడ పక్కన బోర్లించింది. తన బిందెను గొట్టం కింద పెట్టింది.

నాగరత్నమ్మ అటు చూసి "మాస్టారు ఊళ్ళో లేడా ఏంది?" అని అడిగింది.

"బిందె బోర్లించి ఉంటే లేనట్టేగా పిన్నీ" అంది అలివేలు. అబద్ధం కూడా ఆడకుండా పని గడుపుకున్నందుకు తనను తానే మెచ్చుకుంది.

బిందె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి అరుగు మీద పావని లేదు.

ఇంట్లో లేదు. పెరట్లో లేదు. మంచం కింద లేదు. మొదట కోపం వచ్చింది, తర్వాత భయం వచ్చింది. "పావనీ" అని పిలిచే గొంతు కేకగా మారింది. ఆ కేక విని హుస్సేన్‌బీ చేతికి పిండి అంటుకుని ఉండగానే బయటికి వచ్చింది. నాగరత్నమ్మ వచ్చింది. నీళ్ళు మోస్తున్నవాళ్ళు బిందెలు ఎక్కడివక్కడ దించి వచ్చారు. ఎవరూ ఆమె తలనొప్పుల్ని గుర్తుచేయలేదు. ఒకరు బస్టాండుకు పరుగెత్తారు, ఒకరు బడి వైపు వెళ్ళారు. మాస్టారి ఇంటి వైపు కూడా ఇద్దరు వెళ్ళడం చూసి, అక్కడ ఉంటే వాళ్ళే తెస్తారనుకుంది అలివేలు. సుబ్బరాయుడికి కబురు అంది, సైకిల్ మీద ఊరంతా గాలించి చెమటతో తడిసి వచ్చాడు. ఎక్కడా లేదు.

సూర్యుడు నడినెత్తి దాటాడు. అప్పుడు ఎవరో నెమ్మదిగా అన్నారు, "పాడుబావిలో కూడా ఒకసారి చూస్తే..."

వీధి వెనక ముళ్ళకంపల మధ్య ఒక పాత బావి ఉంది. అడుగున పచ్చటి మురికినీళ్ళు. ఒకాయన ఇంటికి వెళ్ళి, బావిలో పడిన చేదలు తీసే పాతాళగరిగె తెచ్చాడు. ఇనప కొక్కేల ఆ గుత్తిని తాడుకి కట్టి బావిలోకి వదులుతుంటే అలివేలు చూసింది. తన బిడ్డ కోసం కొక్కేలు వేస్తున్నారు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. 

కొక్కెం పైకి వచ్చింది. దానికి పాత గోనెపట్టా ముక్క ఒకటి తగులుకుని ఉంది. మళ్ళీ వదిలారు.

హుస్సేన్‌బీ ఆమె భుజం పట్టుకుని "ఏం కాదులే అమ్మే, దొరుకుద్ది" అంటూనే, పక్కనున్న నాగరత్నమ్మతో అంది, "ఆ మాస్టారన్నా ఊళ్ళో ఉంటే బాగుండేదక్కా. పిల్లలు ఆయన దగ్గరికే చేరతారు. అక్కడ చూసేవాళ్ళం."

"ఉంటేగా. ఆ ఇంటి వైపు పోయినవాళ్ళు కూడా బిందె బోర్లించి ఉంది కదా అని సగం దారిలోనే వెనక్కి వచ్చారంట" అంది నాగరత్నమ్మ.

అలివేలు నాగరత్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. 

"ఆయన ఊళ్ళోనే ఉన్నాడు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఊళ్ళోనే ఉన్నాడు! బిందె నేనే బోర్లించాను! మొయ్యలేక నేనే బోర్లించాను పిన్నీ!" అని గుండెలు బాదుకుంటూ అరిచింది.

 తాడు పట్టుకున్నాయన చేతులు ఆగిపోయాయి. సుబ్బరాయుడు భార్య ముఖం వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు ఆమె బతికినంత కాలం మరిచిపోలేదు. మరుక్షణం అందరూ వీధి చివరికి పరుగెత్తారు.

రేకుల ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. ఆ వీధిలో కోతుల బెడద ఎక్కువ, అందుకని పగలు కూడా ఎవరూ తలుపు తీసి ఉంచేవారు కాదు, లోపలి నుంచి పై గడియ పెట్టుకునేవారు. సుబ్బరాయుడు దబదబా బాదాడు. లోపల చప్పుడు లేదు. మళ్ళీ బాదాడు. అప్పుడు ఎండిపోయిన చిన్న గొంతు ఒకటి వినపడింది.

"నీళ్ళు తెచ్చారా?"

తలుపు పగలగొట్టారు. లోపలి నుంచి వేడి ఆవిరి కొట్టింది. రేకుల కింద ఆ గది పొయ్యిలా ఉంది. విరిగిన స్టూలు పక్కన మాస్టారు నేల మీద పడి ఉన్నారు. కాలు వింతగా వంకర తిరిగి ఉంది. స్పృహ లేదు. చుట్టూ రంగు పెన్సిళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆయన తల దగ్గర పావని కూర్చుని ఉంది. ముఖం కందిపోయింది, పెదవులు పగిలి నెత్తురోడుతున్నాయి. చేతిలో ఖాళీ గ్లాసు.

అలివేలు బిడ్డను గుండెకు హత్తుకుంది. పావని ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"గడియ అందలేదమ్మా. అరిచాను, ఎవ్వరూ రాలేదు" అంది. తర్వాత గ్లాసు చూపించి, "మాస్టారింట్లో నీళ్ళు లేవు. గ్లాసులో కొన్ని ఉంటే మాస్టారికి పట్టాను. మళ్ళీ నాకు లేవు" అంది.

ఆ మాటకు గుమ్మంలో నిలబడ్డ మగవాళ్ళు కూడా తల తిప్పుకున్నారు. హుస్సేన్‌బీ పరుగున పోయి తన బిందె తెచ్చింది. చెంచాతో కాస్త కాస్త పావని నోట్లో పోసింది. మాస్టారి ముఖం తుడిచి, తడిగుడ్డ నుదుటి మీద వేసింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన పక్కనుంచి లేవలేదు.

పావని కోలుకుంది. మాస్టారు బతికారు. కానీ తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో అది సరిగా అతకదని, ఇక ముందు కర్ర లేకుండా నడవలేరని డాక్టరు చెప్పాడు.

మాట్లాడే ఓపిక వచ్చిందని తెలిశాక అలివేలు ఆసుపత్రికి వెళ్ళింది. మంచం పక్కన నిలబడి, దాచకుండా అంతా చెప్పేసింది. వరుసలో ఆయన వెనక ఉన్నది తనేనని, బిందె బోర్లించింది తనేనని, ఊళ్ళో లేరన్నట్టు మాట్లాడింది కూడా తనేనని చెప్పింది. తిట్టండి మాస్టారూ అంది.

మాస్టారు పైకప్పు వైపు చూస్తూ చెప్పసాగారు.

"హారన్ విన్నానమ్మా. నా వంతుకి ఇంకా టైముందిలే అనుకున్నా. ఇంతలో పాప వచ్చి రంగులు అడిగింది. అటక మీదున్నాయని స్టూలెక్కాను, పడ్డాను" అన్నారు. "కదల్లేకపోయాను. అరిస్తే ఆ ఇంజను మోతలో ఎవరికి వినపడుద్ది? పాప ఏడ్చింది. నాకు మాత్రం భయం వేయలేదు."

"ఎందుకని మాస్టారూ?"

"బిందె వరుసలో ఉందిగా. నేను రాకపోతే నా వెనకున్నవాళ్ళు నింపి తెస్తారు. అదే చెప్పాను పాపతో. ఏడవకురా, గుమ్మంలో బిందె దించిన చప్పుడు కాగానే ఇద్దరం కలిసి గట్టిగా అరుద్దాం అన్నాను. నాకు తెలివి తప్పేదాకా మేమిద్దరం ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాం."

ఆయన ఆమెను తిట్టలేదు. ఓదార్చనూ లేదు. అలివేలు మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. తను గోడ పక్కన బిందె బోర్లిస్తున్న ఆ క్షణంలోనే, తన కన్నకూతురు మూసిన తలుపు వెనక తన అడుగుల చప్పుడు కోసం ఎదురుచూస్తోంది. 

మాస్టారు ఇంటికి వచ్చాక ఆయన బిందె నింపి మోసే పని అలివేలు తీసుకుంది. గుమ్మంలో బిందె దించి, తలుపు తట్టి, "మాస్టారూ" అని పిలిచి, ఆయన పలికాకే వెనక్కి తిరిగేది. ఆయన నడక మాత్రం మళ్ళీ మామూలు కాలేదు.

నీతి: చేయగలిగిన సాయాన్ని చిన్నదే కదా అని ఎగ్గొట్టకూడదు, దాని కోసం ఏ తలుపు వెనక ఎవరు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారో మనకు తెలియదు.