నూకాలు అడిగిన మూడో వరం

అనగనగనగా, సముద్రం హోరు వినిపించే చోట ఒక ఊరు. ఆ ఊళ్ళో సగంమంది మళ్ళలో ఉప్పు పండించేవారు, సగంమంది పొలాల్లో వరి పండించేవారు. ఉప్పుకు ఎండ కావాలి, వరికి వాన కావాలి. అందుకని ఆకాశం ఎలా ఉన్నా ఊళ్ళో ఎవరో ఒకరు దాన్ని తిడుతూనే ఉండేవారు.

ఉప్పు పండించే నూకాలు ఒకనాడు ఒడ్డున వలలో చిక్కుకున్న ముసలి తాబేలును చూసింది. వల కోసి విడిపించింది. అది మామూలు తాబేలు కాదు. మూడు వరాలిస్తాను, కోరుకోమంది. మనమైతే అక్కడికక్కడే మేడ అడిగేసేవాళ్ళం. నూకాలు మాత్రం తనొక్కతే అడిగేసుకుంటే ఏం బాగుంటుందని ఊరిపెద్దలను పిలుచుకొచ్చింది. ఆవిడ మనసు అంత మంచిది.

పెద్దలకు అంత మనసు లేదు. ఉప్పు వర్తకుడు వరహాలశెట్టి అందరినీ తోసుకుని ముందుకొచ్చి, ఇకమీదట వాన పడకూడదన్నాడు. వాన ఆగిపోయింది. ఉప్పు రాశులు కొండల్లా పెరిగాయి. కానీ పొలాలు బీటలు వారాయి, నూతులు ఎండిపోయాయి. ఏ ఇంట చూసినా ఉప్పే, అది వేసుకోవడానికి గంజి లేదు. శెట్టిగారింట్లోనూ అంతే.

రైతుపెద్ద సన్యాసినాయుడు మండిపడుతూ ఒడ్డుకు వెళ్ళి, రోజూ వాన పడాలన్నాడు. పడింది. ఉప్పు రాశులు కరిగి వచ్చినచోటికే పోయాయి. చల్లిన విత్తనాలు మొలవకుండానే కుళ్ళిపోయాయి, నాయుడుగారి పొలంలో కూడా.

ఇక మిగిలింది ఒక్క వరం. అదీ పాడైతే ఊరు వదిలి పోవలసిందే. అయినా ఆ ఇద్దరూ నేనడుగుతానంటే నేనడుగుతానని ఒడ్డునే కొట్లాటకు దిగారు. వల కోసింది నూకాలు కాబట్టి ఆఖరి వరం ఆవిడే అడగాలని తాబేలు తేల్చి చెప్పింది.

నూకాలు తడిసిన కొంగు పిండుకుంటూ కాసేపు ఆలోచించింది.

"వాన దాని ఇష్టమొచ్చినట్టు రానీ, తల్లీ. కాకపోతే వచ్చే ముందర మాకో కబురెట్టమను. తాటాకులు కప్పుకునేవాళ్ళం కప్పుకుంటాం, విత్తనాలు జల్లుకునేవాళ్ళం జల్లుకుంటాం."

తాబేలు కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇన్నేళ్ళలో ఆకాశాన్ని లొంగదీయమన్నవాళ్ళనే చూశాను. దాని మాట వింటానన్నదానివి నువ్వొక్కదానివే, అమ్మా" అని నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి వాన వచ్చే ముందు తూనీగలు గుంపులుగా నేలకు దగ్గరగా ఎగరడం మొదలుపెట్టాయి. అవి కనబడగానే ఉప్పువాళ్ళు రాశుల మీద తాటాకులు కప్పేవారు, రైతులు విత్తనాల గంపలు ఎత్తుకునేవారు. ఉప్పూ నిలిచింది, వరీ పండింది. ఆ ఏడు ఊరంతా కలిసి కాచుకున్న కొత్తబియ్యం గంజిలో మొదటి ఉప్పురాయి నూకాలు చేతనే వేయించారు. దగ్గరుండి వేయించింది శెట్టీ, నాయుడూనే.

పిల్లలూ, లోకాన్ని మన ఇష్టానికి తిప్పమని కోరితే అందరూ నష్టపోతారు. దాని తీరు తెలుసుకుని నడుచుకునే తెలివి కోరితే అందరూ బతుకుతారు.