కుట్టించని ఆఖరి వారం

"పాఠకులు ఒప్పుకోరంటున్నారు, ఏం చెయ్యనమ్మా?" అని వకుళ తన గురువు కాశీరత్నం గారిని అడిగింది. వకుళ మొదటి నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. మొగుణ్ణి వదిలి బయటికొచ్చిన అమ్మాయి ముగింపులో తిరిగి ఆ ఇంటికే వెళ్ళాలని ఎడిటర్ పట్టుబట్టాడు. శుక్రవారంలోగా అలా మార్చి పంపకపోతే ఇక ఆ పత్రిక గడప తొక్కనక్కర్లేదన్నాడు. "నాకేం అభ్యంతరం లేదమ్మాయ్, పాఠకులే ఒప్పుకోరు" అని కూడా అన్నాట్ట. ఎడిటర్లకు ఎప్పుడూ ఏ అభ్యంతరమూ ఉండదు.

కాశీరత్నం గారు జీవితమంతా నవలలే రాశారు. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. "రేపు చీరాలలో నాకు సన్మానమట. తోడు రా" అన్నారు.

సభ పెట్టింది ఒక వీధి ఆడవాళ్ళు. ఒకప్పుడు అందరూ కలిసి ఒకే పత్రిక కొనుక్కుని, ఇల్లిల్లూ తిప్పి చదివి, సీరియల్ పేజీలు మాత్రం విడదీసి దాచేవారు. అయిపోయాక వాటిని పుస్తకంగా కుట్టించుకునేవారు. అంత తెలివున్నవాళ్ళు కూడా ముఖ్య అతిథిగా మగాడు లేకపోతే సభకు నిండుదనం రాదనుకుని, పర్వతాలరావు అనే రిటైర్డు లెక్చరర్ని పిలిచారు. ఆయన రచయిత్రి గురించి కాసేపూ, తన గురించి చాలాసేపూ మాట్లాడి, చివరికి ఆవిడ మొదటి నవల దగ్గరికొచ్చారు.

"ఎంత ఎగిరినా ఆఖరికి ఆ పిల్ల భర్త కాళ్ళ దగ్గరికే వచ్చింది. అదీ మన సంస్కారం. ఆ ఘట్టం కాస్త చదివి వినిపించమ్మా" అంటూ, ఆ వీధివాళ్ళు కుట్టించి బల్ల మీద పెట్టిన పుస్తకాన్ని వకుళ చేతికిచ్చారు.

వకుళ చివరి పేజీ తీసింది. అందులో ఆ పిల్ల బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం కండక్టరుతో పోట్లాడుతోంది. ఆ తర్వాత పేజీ లేదు, వెనక అట్ట మాత్రమే ఉంది.

"పాతది కదా, పేజీలు ఊడిపోయుంటాయి" అన్నారు పర్వతాలరావు గారు.

"ఊడిపోలేదు సార్. మేమే కుట్టించలేదు" అంటూ ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన త్రిపురాంబ. "ఆఖరి వారం ఆవిడ రాసింది కాదు."

"పేరుందిగా?"

"పేరు ఎవరైనా వేస్తారు. అన్ని వారాలు నిబ్బరంగా నిలబడ్డ పిల్ల ఆ వారం ఏడుస్తూ మొగుడికి పాయసం వండింది. ఏడిస్తే ఏడ్చిందనుకుందాం, మరిగే పాలల్లో బెల్లం పడేసింది. విరిగిపోవూ? పొయ్యి దగ్గర ఒక్కనాడు నిలబడని మగాడెవరో రాశాడని ఆ రోజే అనుకున్నాం. ఆ కాగితాల్లో మా వీధంతా పకోడీలు తిన్నాం."

హాలంతా నవ్వింది. కాశీరత్నం గారు నవ్వలేదు. లేచి మైకు దగ్గరికెళ్ళారు.

"అది అప్పటి ఎడిటర్ రాశాడు. నేను రాయనంటే తనే రాసి నా పేరు పెట్టేశాడు. నాది కాదని చెప్పుకుంటే ఏ పత్రికా వెయ్యలేదు. అచ్చు వేసేవాళ్ళూ ఆ ముగింపే కావాలన్నారు, అందుకే నవలని పుస్తకంగా రానివ్వలేదు. లొంగిపోయిందని అభ్యుదయవాదులు తిట్టారు, దారికొచ్చిందని పెద్దమనుషులు మెచ్చుకున్నారు. రెండూ పడ్డాను. నా నవల చీరాలలో క్షేమంగా ఉందని నాకెవరూ చెప్పలేదు."

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. పర్వతాలరావు గారు కూడా కొట్టారు, మరి చేతులెక్కడ పెట్టుకోవాలి.

సభ అయ్యాక త్రిపురాంబ వకుళ దగ్గరికొచ్చింది. "నీ సీరియల్ కూడా దాస్తున్నాం పిల్లా. ఎంతవరకు కుట్టించమంటావో నువ్వే చెప్పు."

స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు వకుళ మళ్ళీ అడిగింది. "శుక్రవారం ఎడిటర్‌గారికి ఏమని చెప్పనమ్మా?"

కాశీరత్నం గారు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"ఒప్పుకోని ఆ పాఠకుల అడ్రసు ఇమ్మను. మన చీరాల వాళ్ళది ఇచ్చి రా."