చెరిపేసిన నలక

కాళ్ళు కడుక్కున్నావా? అయితే దుప్పట్లోకి దూరు. ఇదిగో, ఊ కొట్టకపోతే సగంలో ఆపేస్తాను, తర్వాత నన్ననకు. ఇది గుండె దడదడలాడే కథ. మధ్యలో నిద్రపోయావంటే పాపం ఆ మనిషి సముద్రంలోనే ఉండిపోతాడు.

అనగనగా సముద్రపొడ్డున గవ్వలపేట అని ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకామె ఉండేది. జాకెట్లు కుట్టేది. ఆమె కుట్టిన జాకెట్టు తిరగేసి చూసినా ఒక్క పోగు వేలాడేది కాదు. పోగు కనిపిస్తే చాలు, చెయ్యి కత్తెర మీదకి పోయేది. ఎదుటివాళ్ళ కొంగుకి దారం వేలాడుతున్నా ఊరుకునేది కాదు, మాట్లాడుతూ మాట్లాడుతూనే టుక్కున కత్తిరించేసేది. అంత శుభ్రం పిచ్చి.

ఆమెకి ఇంకో పిచ్చి కూడా ఉంది. ఫోటోల పిచ్చి. రోజూ మిషను ముందు కూర్చోకముందే ఫోను పట్టుకుని ఒడ్డునున్న ఇసక దిబ్బ ఎక్కేది. మన సముద్రంలోనే కదే సూర్యుడు పుట్టేది, ఆ వేళకి అక్కడ ఉండాల్సిందే.

ఆమె తీసేవి మామూలు ఫోటోలు కావు, నీడ ఫోటోలు. వెనకాల ఆకాశం ఎర్రగా మండుతుంటుంది. ముందున్న మనిషి కాటుకతో గీసినట్టు నల్లగా ఉంటాడు. ముక్కూ మూతీ ఏమీ కనపడవు. నిలబడ్డ తీరు ఒక్కటే కనపడుతుంది.

అది ఊరికే వచ్చిందనుకున్నావా? మొదటిసారి సూర్యుణ్ణి తన వీపు వెనక పెట్టుకుని తీసింది. అందరూ కళ్ళు చికిలించుకుని కోతుల్లా పడ్డారు. ఆ తర్వాత సూర్యుణ్ణి వాళ్ళ వెనక పెట్టింది గానీ, ఫోనులో వాళ్ళ మొహం మీద వేలు నొక్కింది. ఫోను మొహాలకి వెలుగిచ్చి ఆకాశాన్ని సున్నపు నీళ్ళు చేసేసింది. మూడోసారి మనిషిని వదిలేసి, మెరిసే ఆకాశం మీద వేలు నొక్కింది. అప్పుడు మనుషులు చీకటిబొమ్మలయ్యారు, ఆకాశం కుంకుమ అయ్యింది. ఆ రోజు ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు, ఆ ఫోటోనే చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత ఫోటోని దిద్దడం నేర్చుకుంది. ఫోనులో ఒక గీత జరిపితే నలుపు ఇంకా చిక్కనవుతుంది. ఇంకో గీత జరిపితే ఎరుపు పెరుగుతుంది. ఇంకొకటుంది, దానితో ఎక్కడ రుద్దితే అక్కడున్నది మాయమైపోతుంది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

మొదట ఒక కాకిని చెరిపేసింది. కాకి వచ్చి అడుగుతుందా? ఆ తర్వాత ఒక కరెంటు స్తంభాన్ని చెరిపేసింది. అదీ అడగలేదు. ఫోటో కడిగిన కంచంలా తళతళలాడింది. ఊళ్ళో అందరూ ఉండే ఫోను గ్రూపులో పెడితే ఒకటే మెప్పులు. ఏమైనా దిద్దావా అని ఎవరైనా అడిగితే మాత్రం, తీసింది తీసినట్టే పెట్టాను, వేలు కూడా పెట్టలేదు అనేది. పచ్చి అబద్ధం. మెచ్చుకుంటుంటే ఎవరికి చేదు చెప్పు?

ఊ కొడుతున్నావా? ఆ, ఇప్పుడు విను.

కార్తీకం వెళ్ళి కొన్నాళ్ళయింది. చలికాలంలో సూర్యుడు తిన్నగా తూర్పున పుట్టడు, కాస్త దక్షిణం వైపుకి జరిగి పుడతాడు. అందుకని ఆ పొద్దున్న నూకరత్నం కూడా దక్షిణం వైపుకే తిరిగి ఫోటో తీసింది. ఒడ్డున ముగ్గురు మనుషులు పడవని నీళ్ళలోకి తోస్తున్నారు. భలే పడింది. కానీ పైన ఒక మూల, నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటికి కాస్త ఇవతల, ఒక నల్లటి నలక ఉంది.

ఆమెకి అది వేలాడే పోగులా కనిపించింది. ఏమిటా అని చూడలేదు. వేలితో రెండు రుద్దులు రుద్దింది, పోయింది. ఫోనులో చోటు లేదని అసలు ఫోటోని కూడా తీసేసింది. దిద్దినదాన్ని గ్రూపులో పెట్టి, వేలు పెట్టలేదని ఎప్పట్లాగే రాసి, వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

తొమ్మిదయ్యేసరికి గాలి తిరిగింది. సముద్రం పొంగడం మొదలెట్టింది. వేటకెళ్ళిన పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. అప్పుడు లెక్క చూసుకుంటే కొర్లయ్య తెప్ప ఒక్కటే రాలేదు.

కొర్లయ్య అంటే నూకరత్నానికి వరసకి మామ. ఏభై దాటిన మనిషి. చిన్న తెప్ప మీద ఒంటరిగా తెడ్డేసుకుని పోతాడు. ఎటు పోతున్నాడో ఎవరికీ చెప్పడు, చెబితే చేపలు పారిపోతాయని ఆయన నమ్మకం. తడిసిపోతుందని ఫోను కూడా ఇంట్లోనే పెట్టి పోతాడు. మొండిఘటం.

ఆయన వెళ్ళే చోట్లు రెండే. ఉత్తరాన ఏరు సముద్రంలో కలిసే మొగ ఒకటి. దక్షిణాన నీళ్ళ కింద రాళ్ళుండే పారు ఒకటి. ఆ కెరటాలకి తట్టుకునే ఇంజను బోటు ఊళ్ళో ఒక్కటే ఉంది, దానయ్యది. మెరైన్ పోలీసులకి ఫోను చేస్తే బయల్దేరుతున్నాం, రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు. అంతసేపు తెప్ప మీద మనిషి ఆగుతాడా? దానయ్య వెళ్ళాలి. వెళితే ఒక వైపుకే వెళ్ళగలడు. అటు వెళ్ళి లేడని ఇటు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఊరంతా ఒడ్డున చేరింది. నూకరత్నం కూడా మిషను వదిలేసి వచ్చింది. అప్పుడు దానయ్య తన ఫోను తీసి, పొద్దుటి ఫోటోని అందరికీ చూపించాడు.

"కొర్లడు పారుకెళ్ళుంటే ఈ ఫోటోలో పడీవోడు," అన్నాడు. "పడనేదు. అంటే మొగకెళ్ళినాడు."

అందరూ అవునంటే అవునన్నారు. నూకరత్నం ఫోటో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది కదా అన్నారు.

నూకరత్నానికి ఆ నలక కళ్ళ ముందు తిరిగింది. అది పడవో, పిట్టో, కొట్టుకొచ్చిన దుంగో ఆమెకి తెలీదు. కానీ అది పారు వైపే ఉంది.

చెబుదామని నోరు తెరిచింది. అప్పుడే దానయ్య డీజిలు తెమ్మని కేకేశాడు, ఆమె మాట ఎవరికీ వినపడలేదు. నోరు మూసుకుంది.

ఆ తర్వాత మళ్ళీ తెరిచింది. అప్పుడు కొర్లయ్య పెళ్ళాం ఎర్రమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ సెయ్యి సల్లగుండ," అంది. "నీ ఫోటో నేకపోతే ఎటెళ్ళాలో తెలీకపోయీది."

ఇక నూకరత్నానికి చిక్కొచ్చి పడింది. ఇప్పుడెలా చెబుతుంది? చెబితే ఊరందరి ముందూ అబద్ధాలకోరైపోతుంది. చెప్పకపోతే? తనకి తనే సర్ది చెప్పుకుంది, అది పిట్టే అయ్యుంటుందిలే అని. చూడవే, మనసు ఎంత గడుసుదో! తప్పించుకోవడానికి దానికి పిట్ట రెక్క దొరికినా చాలు.

అప్పుడు ఇంజను స్టార్టయింది. బోటు ముక్కు ఉత్తరం వైపుకి తిరిగింది.

అది చూసేసరికి నూకరత్నం కాళ్ళు ఆగలేదు. చీర కట్టుకున్నది కట్టుకున్నట్టే నడుములోతు నీళ్ళలోకి పరిగెత్తింది. కెరటం మొహాన కొడితే పడింది, లేచింది, బోటు అంచు పట్టుకుంది.

"మొగకి కాదు దానయ్యన్నా, పారుకి," అంది. "ఫోటోలో పారు కాడ నలకొకటుంది. నానే సెరిపేసినాను."

దానయ్య ఇంజను ఆపాడు.

"అది తెప్పో పిట్టో సూసినావా?" అన్నాడు.

"సూడనేదు. సూడకుండానే సెరిపేసినాను."

దానయ్య పళ్ళు కొరికాడు. ఒకరేమో మొగకే పొమ్మన్నారు, ఇంకొకరు పారుకి పొమ్మన్నారు, మూడోవాళ్ళు ముందు ఈమెని నాలుగు తన్నమన్నారు. అక్కడ సముద్రం పెరిగిపోతోంది, ఇక్కడ వీళ్ళ గోల.

నూకరత్నం గబగబా ఒడ్డుకొచ్చి ఇసకలో కూలబడింది. ఫోనుని మిషను మీదే వదిలేసి వచ్చింది కాబట్టి అది తడవలేదు, పక్కింటి పిల్ల పరిగెత్తి తెచ్చింది. ఆమె తడి వేళ్ళు తెర మీద జారుతున్నాయి. కొంగుకి తుడుచుకుందామంటే కొంగూ తడే. తీసేసిన ఫోటోలు కొన్నాళ్ళు ఫోనులోనే చెత్తబుట్టలో పడి ఉంటాయని ఎవరో అనగా విన్నది. దేవుడా దేవుడా అనుకుంటూ ఆ చెత్తబుట్ట తెరిచింది.

ఉంది. ముగ్గురు మనుషులు, పడవ, ఎర్రటి ఆకాశం, పైన మూల ఆ నలక.

రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. మొదట గీతలా ఉంది. ఆ తర్వాత గీత మీద ఇంకో గీత నిలబడింది. మూడోసారి పెద్దది చేసేసరికి అలుక్కుపోయినట్టు ఒక నల్లటి ఆకారం తేలింది. మనిషే. కానీ ఎవరు? మొహమా, లేదు. బట్టల రంగా, అంతా నలుపే. వేరే ఊరి తెప్పలు కూడా అటు వస్తుంటాయి మరి.

అప్పుడు ఎర్రమ్మ ఆ ఫోను లాక్కుంది. ఒక్కసారి చూసింది.

"ఈయనే. ఎడమ పక్కకి ఒరిగి నిలబడతాడు. ముప్పై ఏళ్ళ నుంచి ఒడ్డున నిలబడి ఈయన తిరిగొచ్చీదే కదా సూస్తన్నాను," అంది.

అంతే. బోటు ముక్కు దక్షిణానికి తిరిగింది. కెరటం మీదకి ఎక్కింది, కెరటం వెనక్కి దిగింది, మళ్ళీ ఎక్కింది, తర్వాత కనపడలేదు.

ఇక చూడు, ఎదురుచూపు. ఎర్రమ్మ ఇసకలో కూర్చుంది. నూకరత్నం ఆవిడకి నాలుగడుగుల దూరంలో నిలబడింది. దగ్గరికి వెళ్ళే మొహం లేదు, ఇంటికి వెళ్ళే మనసు లేదు. చూపంతా నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటే. పొద్దున్న నలక కనపడితే ఓర్వలేకపోయిన మనిషి, ఇప్పుడు ఒక్క నలక కనపడితే చాలు తల్లీ గంగమ్మా అని మొక్కుకుంటోంది.

మొదట ఒక నలుపు కనిపించింది. అందరూ లేచారు. అది కెరటం నీడ. ఆ తర్వాత ఇంకో నలుపు తేలింది. అది దుంగ. ఎర్రమ్మ ఈసారి లేవలేదు. నూకరత్నానికి కాళ్ళు పీకుతున్నాయి, తడి బట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి, ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

మిట్ట మధ్యాహ్నం దాటాక మూడో నలుపు కనిపించింది. అది పోలేదు. పెద్దదయ్యింది. బోటయ్యింది. బోటు మీద నిలబడ్డవాళ్ళని అందరూ వేళ్ళతో లెక్కపెట్టారు. వెళ్ళినవాళ్ళు నలుగురు. వస్తున్నవాళ్ళూ నలుగురే.

నా చెయ్యి అంత గట్టిగా పట్టుకోకే. విను.

అయిదోవాడు పడుకుని ఉన్నాడు, అందుకని కనపడలేదు. తిరగబడిన తెప్పని పట్టుకుని మూడు గంటలు నీళ్ళలో ఉన్నాడట. పెదాలు నీలమైపోయాయి, అరచేతుల తోలు ఊడిపోయింది. కానీ బతికే ఉన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెయ్యి వదిలేసేవాడే అన్నాడు దానయ్య.

ఒడ్డున పడుకోబెట్టి, ఒళ్ళు తుడిచి, వెచ్చటి గంజి చెంచాతో పోశారు. కాస్త తెప్పరిల్లాక కొర్లయ్య కళ్ళు తెరిచి నూకరత్నం కోసం వెతికాడు. దగ్గరికి రమ్మన్నాడు. ఊరంతా మొహం తిప్పుకున్నా అక్కణ్ణించి కదలని నూకరత్నం, ఆయన పిలిచేసరికి తల దించుకుని వెళ్ళి పక్కన కూర్చుంది.

"నాను పోతుంటే నువ్వు దిబ్బ మీదున్నావు," అన్నాడు కొర్లయ్య. "మొహాన ఎండ పడి దీపంలాగ మెరుస్తన్నావు. నన్ను సూసినావని సెయ్యూపినాను. తెప్ప తిరగబడ్డాక అదే అనుకున్నానమ్మా. రత్నం సూసింది, సెప్తాది, అందాకా సెయ్యి ఒగ్గీకూడదు అని."

నూకరత్నం ఏడ్చింది. ఔను మావా అనేస్తే సరిపోయేది. ఆ మనిషికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ అనలేదు.

"సూడనేదు మావా. నలకనుకుని సెరిపేసినాను," అంది.

ఎర్రమ్మ తల తిప్పేసుకుంది. కొర్లయ్య తన తోలూడిన చెయ్యి మెల్లగా ఎత్తి, ఇసక మీద నుంచే, ఇంకోసారి ఆమెకేసి ఊపాడు.

"ఇప్పుడు సూసినావా?" అన్నాడు.

అదే, అంతే కథ. ఏడుస్తున్నావా? పిచ్చి తల్లీ, ఇలా రా, నా పక్కకి జరుగు. నూకరత్నం ఫోటోలు మానలేదులే. కానీ ఎక్కడ చిన్న నలక కనిపించినా, ముందు పెద్దది చేసి, నువ్వెవరు బాబూ అని అడుగుతుందట. ఇంక కళ్ళు మూసుకుని నాతోపాటు అను:

దూరాన ఉంటే నలక,
దగ్గరకొస్తే మనిషి గనక,
చెరపబోకే చూడక.
కథ నడిచెళ్ళింది కంచికి,
కళ్ళు మూసి మనం నిద్రమ్మ ఇంటికి.