నాలుగంగుళాలు

ఓబులేసు బాధంతా ఒక బండతో.

నల్లమలలో ఎగువపెంటకు పోయే దారిలో, సగం దూరం దాటినాక, ఆ బండ దారికి అడ్డంగా పడుకొని ఉంటుంది. అడవిలో గూడేన్ని ఆ వైపు పెంట అంటారు. నాగూరప్ప సామి ప్రతి పున్నమికీ ఆ పెంటకు పోయి, అక్కడి ముసలీముతకకు వండి పెట్టి వచ్చేవాడు. సామి మఠానికి ఒక పాత జీపు ఉండేది. వెనక రెండు వైపులా బెంచీలు, నడుమ బియ్యం మూటలు, ఒళ్ళో గిన్నెలు. నడిపేది ఓబులేసు. సామికి శిష్యుడు, జీపుకు తల్లీ తండ్రీ అన్నీ వాడే.

బండ దగ్గరికి రాగానే జీపు ఆగేది. అందరూ దిగేవాళ్ళు. పక్కన ఊటనీళ్ళుంటే తాగేవాళ్ళు. బరువు తగ్గిన జీపు బండ మీద నుంచి మెల్లగా అవతలికి పోయేది. మళ్ళీ అందరూ ఎక్కేవాళ్ళు. అట్లా దిగకపోతే జీపు కడుపు బండకు తగిలి బర్రుమని గీరుకునేది.

ఎన్నో ఏళ్ళుగా అట్లాగే జరిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకున్నవాడు ఓబులేసు ఒక్కడే. వాడికా బుద్ధి పుట్టించినవాడు సుంకన్న.

సుంకన్నది కొత్త జీపు. యాత్రికులను తిప్పేవాడు. ఒకరోజు బండ దగ్గర మఠం జనమంతా దిగి నిలబడి ఉంటే, వెనక నుంచి వచ్చి హారన్ కొట్టి, తల బయటపెట్టి అన్నాడు.

"ఏమప్పా ఓబులేసూ, నీది బండా, బస్టాండా? ఎప్పుడు చూసినా జనం దిగతానే ఉంటారు."

అందరూ నవ్వారు. మఠంలో వంట చేసే కాశమ్మవ్వ కూడా నవ్వింది. సామి ఊటనీళ్ళు తాగుతున్నాడు, వినలేదో, వినీ విననట్టున్నాడో తెలియదు. ఓబులేసుకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

మఠానికి తిరిగొచ్చిన రోజే సామి దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సామీ, బండిని పైకి లేపిస్తా. నంద్యాలలో లిఫ్ట్ కిట్ అని దొరుకుతుంది. కింద బండిని మోసే కమాన్ కట్టలు మార్చి కొత్తవి వేస్తారు. బండి ఎత్తవుతుంది. ఇంక బండ దగ్గర ఎవరూ దిగే పనుండదు."

"వేయించు" అన్నాడు సామి. ఆయన జొన్నరొట్టె తింటున్నాడు.

"ఎంత ఎత్తు లేపాలన్నదే తేలడంలేదు సామీ. రెండంగుళాలా, మూడా, నాలుగా?"

"నన్నడిగితే నాకేం తెలుసు. తేల్చుకో."

తేల్చుకోవడం మొదలయింది. అది ఎట్లాంటి తేల్చుకోవడమంటే, మఠంలో పిల్లికి కూడా కమాన్ కట్టల సంగతి తెలిసిపోయింది. నంద్యాల షాపాయన నాలుగంటాడు. ఆయన నోరు తెరిచాడంటే ఖరీదైన రకమే చెప్తాడు. ఇంకేం అంటగడతాడోనని ఇప్పటికీ మఠంవాళ్ళు ఆ షాపు ముందు నుంచి పోవలసి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తారు. ఆళ్ళగడ్డ మెకానిక్కు రెండు చాలంటాడు. నాలుగు వేస్తే మలుపుల్లో బండి ఊగుతుందంటాడు. ఫోను వీడియోలో ఎవరో గడ్డమాయన, బురదలో జీపును పందిని దొర్లించినట్టు దొర్లిస్తూ, మూడే ధర్మమంటాడు.

ఓబులేసు పాత కమాన్ కట్టలు విప్పేశాడు. జీపు మఠం ముందర నాలుగు రాళ్ళ మీద కూర్చుంది. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. వాడు మాత్రం ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాడు.

ఆ సమయంలోనే ఎగువపెంట నుంచి తేనె అమ్మడానికి వచ్చినవాడొకడు కబురు తెచ్చాడు. కాశమ్మవ్వ చెల్లెలు చెన్నమ్మ మంచం పట్టింది. తిండి మానేసింది. అక్కను అడుగుతోంది.

కాశమ్మవ్వ పుట్టింది ఎగువపెంటలోనే. మోకాళ్ళు అరిగిపోయి, చదును నేల మీద కర్ర పట్టుకొని నడవగలిగేది కానీ, అడవిలో అంత దూరం నడిచి పోలేదు. చెన్నమ్మకు కళ్ళు కనపడవు. పున్నమి పున్నమికీ ఈమె పోయి ఆమె తల దువ్వి వచ్చేది.

కబురు విన్న పొద్దున కాశమ్మవ్వ రాళ్ళ మీదున్న జీపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒరే ఓబులేసా. ఎప్పుడురా ఇది?"

"తేలుతాంది అవ్వా."

"ఏంది తేలేది? నా చెల్లెలి పానం తేలేట్టుంది ఆడ."

"సుంకన్న జీపులో పోతావా, అడుగుతా?"

"వాడు ఒగసారి నన్ను చింతలవాగు కాడ దించి, గిరాకీ వచ్చిందని పోయినాడు. ఆ బండికి నా కాలు తగలదు. చచ్చినా తగలదు."

సామి అరుగు మీద కూర్చొని ఇదంతా విన్నాడు. ఓబులేసు ఆయన వైపు తిరిగాడు.

"సామీ, మీరే ఒక్క మాట చెప్పండి. రెండా, మూడా, నాలుగా?"

సామికి విసుగు ముఖం నిండా వచ్చింది. వారాల తరబడి ఇదే మాట. రొట్టె తినేటప్పుడు ఇదే, స్నానం చేసేటప్పుడు ఇదే, ధ్యానంలో కళ్ళు మూసుకుంటే చెవి దగ్గర ఇదే.

"ఎందుకు లేపుతున్నావు దాన్ని?"

"బండ కోసం సామీ."

"అయితే పోయి బండనే అడుగు."

ఇంకెవరైనా అయితే సిగ్గుపడి తల దించుకునేవాడు. ఓబులేసు పడలేదు. గురువు ఆజ్ఞ అనుకున్నాడు. ఎవరిదో మోటారు సైకిలు అడుక్కొని, నిజంగానే అడవిలోకి పోయి, బండ దగ్గర బోర్లా పడుకొని, పుల్ల విరిచి కొలుచుకొని వచ్చాడు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది.

"నాలుగే సామీ. మూడు వేస్తే అంచు తగులుతుంది. నాలుగు వేస్తే వేలెడు సందు మిగులుతుంది."

 సామి లేచి లోపలికి పోయాడు.

పాత కట్టలే మళ్ళీ బిగించుకొని నంద్యాలకు తోలుకుపోయిన జీపు, పున్నమికి ముందురోజు తిరిగొచ్చింది. కొత్త కమాన్లు, కొత్త షాకబ్సర్లు, పెద్ద టైర్లు, కొత్త హారన్. ఊళ్ళోకి వస్తుంటే గేదెలు పక్కకు జరిగాయి. సుంకన్న టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకొని అట్లాగే చూశాడు. ఓబులేసు ఆ టీ కొట్టు ముందు అవసరం లేకపోయినా ఇంకోసారి తిప్పాడు.

పున్నమి పొద్దున బియ్యం మూటలు ఎక్కించారు. గిన్నెలు ఎక్కించారు. మూటలు ఎక్కించేవాళ్ళే కొంచెం మూలిగారు, కానీ ఎవరూ పట్టించుకోలేదు. కాశమ్మవ్వ చెల్లెలి కోసం గిన్నెలో జావ కట్టుకొని, కర్ర పట్టుకొని వచ్చింది. జీపు వెనక్కి పోయింది. కడ్డీ పట్టుకుంది. కాలు లేపింది.

కాలు మెట్టుకు అందలేదు.

ఆ మెట్టు బండికే బిగించి ఉంటుంది. బండి లేస్తే అదీ లేచింది. అవ్వ ఇంకోసారి లేపింది. మోకాలు ఒక హద్దు దాకా వచ్చి, అక్కడే వణికి ఆగిపోయింది. కాలు కింద పెట్టి, చుట్టూ ఎవరైనా చూశారేమోనని చూసింది. అందరూ చూశారు.

ఓబులేసు పరుగున పోయి వంటింటి పీట తెచ్చాడు. అవ్వ పీట మీద కాలు పెట్టింది. పీట కదిలింది. కాలు తీసేసింది.

"దీని మీద నుంచి పడితే, నా నడుం కూడా నంద్యాల నించే తెస్తావా?"

"నేను ఎత్తుతా అవ్వా. ఒక్క నిమిషం."

"గోతాన్ని ఎత్తినట్టు ఎత్తుతావా అందరి ముందరా? నన్నెత్తినోడు నన్ను పెళ్ళాడినోడు ఒగడే. వాడూ పోయినాడు." ఆమె జావగిన్నె సామి వైపు చాచింది. "నేను రాను సామీ. ఇది దానికి మీరే తాపండి. నేను రాలేదంటే ఎందుకని అడుగుతాది. ఏదో ఒకటి చెప్పండి."

సామి గిన్నె అందుకోలేదు.

వంటిల్లు వెనక్కి పోయి పార తెచ్చాడు. పంచె పైకి దోపుకున్నాడు. జీపు వెనక చక్రాలకు కొంచెం వెనగ్గా నేల తవ్వడం మొదలుపెట్టాడు. ఆయనకు డెబ్బై దాటాయి. మూడు దెబ్బలకే చెమట పట్టింది.

ఓబులేసుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పార మీద చెయ్యి వేశాడు.

"సామీ, నేను తవ్వుతా. ఇటివ్వండి."

"నువ్వు లేపినావు. నేను దించుతా. వదులు."

వదిలాడు. పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు. టీ కొట్టు దగ్గరి జనమంతా అటే వచ్చి నిలబడ్డారు. సుంకన్న కూడా వచ్చాడు.  

రెండు గుంతలు అయ్యాయి. సామి పార నేలకు ఆనించి, "రానీ వెనక్కి" అన్నాడు.

ఓబులేసు జీపెక్కి వెనక్కి తీశాడు. రెండు పెద్ద టైర్లూ గుంతల్లోకి దిగాయి. అంత గొప్ప జీపూ కుక్క కూర్చున్నట్టు వెనక భాగం నేలకు ఆనించి కూర్చుంది. కాశమ్మవ్వ కడ్డీ పట్టుకొని, ఎడమ కాలు పెట్టి, కుడి కాలు పెట్టి, ఎప్పటిలాగే ఎక్కి, తన చోట తాను కూర్చుంది. పైట సర్దుకుంది.

"పద" అంది.

పార కూడా జీపులోకి ఎక్కింది. సామే పెట్టాడు.

బండ దగ్గర జీపు ఆగలేదు. ఎవరూ దిగలేదు. జీపు బండ మీద నుంచి ఏనుగు నడిచినట్టు నడిచిపోయింది. కింద చిన్న చప్పుడు కూడా కాలేదు. ఓబులేసు అద్దంలోకి చూశాడు, వెనక ఎవరైనా ఏమైనా అంటారేమోనని. అందరూ ఒళ్ళో గిన్నెలు పట్టుకొని కూర్చున్నారు.

కొంచెం దూరం పోయాక ఒక ముసలాయన, "ఆపప్పా, ఒంటికి పోవాల. ఎప్పుడూ బండ కాడ పోయేవాళ్ళం" అన్నాడు. ఆపాడు. ఇద్దరు ముగ్గురు దూకినట్టు దిగారు. కాశమ్మవ్వ దిగలేదు.

"ఊటకాడికి నడిచిపోయి నీళ్ళు తాగుదువు గానీ రా అవ్వా" అన్నారెవరో.

"దిగితే మళ్ళీ తవ్వాల. ఇది రాతి నేల. నేనిట్లే ఉంటా."

సామి చెంబు తీసుకొని వెనక్కి, ఊట దాకా నడిచి పోయి నీళ్ళు తెచ్చాడు. ఎండలో ఆయన రావడానికి చాలాసేపు పట్టింది. స్టీరింగ్ ముందు కూర్చున్న ఓబులేసు కొత్త హారన్ బుడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎగువపెంటలో జీపు ఆగగానే వాడు ఎవరి మాటకూ ఎదురుచూడలేదు. పార తీసుకొని దిగాడు. ఎర్రమట్టి, అడుగడుగునా గులకరాయి. పార తగిలి కణకణమంటోంది. పెంట జనం చుట్టూ మూగి, ఈ జీపుకు ఏం జబ్బు చేసిందని అడిగారు. వాడు తల ఎత్తలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండు గుంతలు తవ్వి, చక్రాలు దించి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కాశమ్మవ్వ దిగింది.

చెన్నమ్మ గుడిసె ముందర మంచంలో ఉంది. అక్క అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. చెయ్యి చాచి ముఖం తడిమింది.

"కాశీ. ఇన్నాళ్ళా రావడానికి? ఏం చేస్తుండినావే?"

"బండి పెరుగుతుండిందే. పెరిగేదాకా కూర్చున్నా."

చెన్నమ్మ నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది. కాశమ్మవ్వ జావగిన్నె మూత తీసింది. చెన్నమ్మ తాగింది. రెండు గుక్కలే, అయినా తాగింది.

వంటలయ్యాయి, భోజనాలయ్యాయి. పొద్దు వాలుతుంటే ఖాళీ గిన్నెలు జీపులో పెట్టారు. కాశమ్మవ్వ రానంది. చెల్లెలి దగ్గరే ఉంటానంది. ఎన్నాళ్ళో ఆమెకే తెలియదు.

ఓబులేసు మంచం దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, నిన్ను తీసకపోను ఎప్పుడు రమ్మంటావు?"

"కబురు పంపుతాలే. వచ్చేటప్పుడు పార కొంచెం పదునుది తెచ్చుకో."

పెంటవాళ్ళు నవ్వారు. మఠంవాళ్ళు నవ్వారు. చెన్నమ్మ కూడా ఏదో అర్థమైనట్టు నవ్వింది.

ఓబులేసు నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. అవ్వ ముందర మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఒక్కసారి లేచి నిలబడు. నా భుజం పట్టుకో. కాలు ఎంత లేస్తుందో అంత లేపు. నొప్పి పుడితే ఆపు."

"ఏందిరా ఈ యేసం?"

"లేపు అవ్వా."

అవ్వ సామి వైపు చూసింది.  ఆమె వాడి భుజం పట్టుకొని, కాలు మెల్లగా లేపింది. మోకాలు వణకడం మొదలైన చోట ఆగింది. వాడు బొబ్బలెక్కిన అరచెయ్యి ఆ పాదం కింద పెట్టి, అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత రెండో చెయ్యి నేల మీద నుంచి జానలు వేసి కొలుచుకుంటూ అరచెయ్యి దాకా తెచ్చాడు. ఇంకోసారి తెచ్చాడు.

వెనక నుంచి సామి గొంతు వినిపించింది.

"ఆఁ. ఇప్పుడు పో నంద్యాలకు."